పళ్ళెం ఖాళీగా పంపినందుకు

తాగను.

నువ్వు ఆ కప్పు వంకా నా మొహం వంకా ఎంతసేపు మార్చి మార్చి చూసినా సరే, తాగనంటే తాగను. చల్లారితే చల్లారనీ. నీ కోడలు డీమా చక్కగా కాచి తెచ్చింది, యాలకులు దండిగా వేసింది, వాసనకే నోరూరుతోంది. అయినా ముట్టను. మీ మగవాళ్ళు జాహా అని గుంపుగా పిల్లనడగడానికి పోయినప్పుడు, అడిగిన మాట ఒప్పుకునేదాకా కాఫీ ముట్టుకోరు కదా? అరవైమంది కూర్చుని అరవై కప్పులూ అలాగే వదిలేస్తారు కదా? నేనూ అంతే. నేనొక్కదాన్నే అరవైమందిననుకో. నేనడిగింది ఇస్తానని నువ్వనేదాకా ఈ కప్పు ఇక్కడే, నేనూ ఇక్కడే.

ఏంటి, నవ్వొచ్చిందా? లేదూ? సరేలే, దగ్గేమో.

డీమా తల్లీ, ఆ తలుపు చాటున నిలబడి వినే బదులు లోపలికొచ్చి కూర్చోవే, కాళ్ళు నొప్పెడతాయి. అదిగో, తుర్రుమంది! నీకు కోపమొస్తే ఈ ఇంట్లో పిల్లి కూడా అరవదు కదా అక్కా.

శనివారం నుంచి చూస్తున్నా. నిన్న మెట్ల మీద ఎదురైతే కరెంటు మీటరు వైపు తిరిగి నిలబడ్డావు. ఏం కనిపించిందమ్మా అందులో, అంత శ్రద్ధగా? గ్యాస్ బండి పాట వేసుకుంటూ వస్తే ఎప్పుడూ కిందనుంచి "ఉమ్ సోరా, సిలిండరు కావాలా?" అని ఈ జబల్ హుసేన్ పేటంతా వినబడేలా కేకేసే మనిషివి, మొన్న నీ ఒక్కదానికే దింపించుకుని తలుపేసుకున్నావు. పైనుంచి నేను చూస్తూనే ఉన్నా. ఎంత బాధేసిందో తెలుసా?

ఎందుకో నాకు తెలుసులే. పళ్ళెం. నీ నీలం అంచు పళ్ళెం. పద్నాలుగేళ్ళలో మొదటిసారి దాన్ని ఖాళీగా పంపాను. కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి, లోపల ఒక్క బిస్కెట్టు ముక్కయినా పెట్టకుండా పంపాను. పంపినదాన్ని నేనే. కాదనడంలేదు.

అదిగో చూడు! మాట్లాడవు గానీ ఖర్జూరాల గిన్నె మాత్రం నా వైపు జరుపుతున్నావు. నాకు తెలుసు నీ సంగతి. ఇంటికొచ్చింది పగవాడైనా సరే, ముందు తినాలి, తర్వాత తిట్లు తినాలి. నేనైనా అంతే చేసేదాన్ని. నీతో మాట్లాడకుండా ఉండగలనేమో గానీ, నువ్వు మా ఇంట్లో కూర్చుంటే పండు కోసి పెట్టకుండా ఉండగలనా? నా చేతులు ఊరుకుంటాయా?

ఖర్జూరం కూడా వద్దు. ఇదీ కాఫీ కిందికే లెక్క.

నువ్వేమన్నావో నా చెవిన పడింది. సెలూన్లో జుట్టుకి రంగేయించుకుంటూ అన్నావట, "ఉమ్ సోరా కూడా చివరికి జర్మన్ దానిలా తయారైంది" అని. ఆ రంగేసే పిల్ల నాక్కూడా రంగేస్తుందని మర్చిపోయావా?

ఎంత మాటన్నావక్కా! నన్ను పట్టుకుని జర్మన్ దానితో కలిపేస్తావా?

ఆ రెండో అంతస్తు హైకే గురించి నెలరోజులు నవ్వుకున్నది మనిద్దరమే కదా. పాపం మంచి పిల్ల. నువ్వు పంపిన గుమ్మడికాయ కూర తిని, గిన్నె కడిగి, లోపల కార్డు పెట్టి తిరిగిచ్చింది. "చాలా రుచిగా ఉంది, ధన్యవాదాలు" అని. నువ్వా గిన్నెని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి పైకి పరిగెత్తుకొచ్చావు. "ఉమ్ సోరా, ఈ కార్డుని ఏం చెయ్యాలి? వేయించుకోనా, ఉడకబెట్టుకోనా?" అన్నావు. నేను నేలమీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. అప్పుడు నువ్వు నన్ను చూసి ఏమన్నావో గుర్తుందా? "నీకు నవ్వొచ్చిందంటే నువ్వు మా మనిషివే" అన్నావు.

ఆ మాట మా చర్చిలో కూడా చెప్పుకున్నా. మా దేశం వాళ్ళే, పే గారి భార్య ఉందిగా, ఆ సన్నటావిడ, కంపెనీ వాళ్ళ పెద్ద బంగళాలో ఉంటుంది, ఆరేళ్ళుగా ఇక్కడున్నా ఇంకా సూట్‌కేసులోంచే బట్టలు తీసుకుంటున్నట్టు మాట్లాడుతుంది. "ఈ అరబ్బులతో ఎలా నెగ్గుకొస్తున్నావమ్మా? అందరి ఆరాలూ తీస్తారు, గట్టిగా అరుస్తారు, బలవంతంగా తినిపిస్తారు" అంటుంది. "మీ అత్తగారు ఏం చేసేదండీ మరి?" అన్నాను.

మొదటి రోజు గుర్తుందా నీకు? సామాను ఇంకా మెట్ల మీదే ఉంది. నేను చెమటలు కక్కుతూ బియ్యం డబ్బా మోస్తున్నా. నువ్వు తలుపు తీసి నిలబడ్డావు. నాకప్పటికి అరబ్బీలో పట్టుమని పది మాటలు కూడా రావు. నువ్వడిగిన మొదటి ప్రశ్న, నీ వయసెంత? రెండోది, పిల్లలెంతమంది? మూడోది, అద్దె ఎంత చెప్పాడు ఆ దొంగ? నాకు ప్రాణం లేచొచ్చింది. అంతకుముందు మూడేళ్ళు లండన్లో ఉన్నాం. ఎండ గురించి, వాన గురించి తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. మనిషినో కాదో నాకే అనుమానమొచ్చేది. నువ్వు వయసడిగావు చూడు, అప్పుడనుకున్నా, హమ్మయ్య, ఇంటికొచ్చేశాం అని.

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాం. నాకంటే నాలుగు నెలలు పెద్దదానివని తేలింది. అంతే, నువ్వు అక్కవి, నేను చెల్లెల్ని. నాలుగు నెలలైనా నాలుగు రోజులైనా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే, మా దగ్గరా అంతే. ఇక నా పేరేమిటని నువ్వు అడగనే లేదు. కూతురి పేరడిగావు. సోరా అన్నాను. "అయితే నువ్వు ఉమ్ సోరా" అన్నావు. మా ఊళ్ళోనూ నన్నంతే పిలిచేవాళ్ళు, సోరా అమ్మా అని. పద్నాలుగేళ్ళుగా నా పేరేంటో నీకు తెలీదు, నీ పేరేంటో నాకు తెలీదు. ఎవరికైనా చెప్తే పిచ్చివాళ్ళనుకుంటారు.

వద్దు, ఇప్పుడు చెప్పకు. అలవాటు తప్పుతుంది.

ఆ సాయంత్రమే కదా నీ పళ్ళెం మొదటిసారి మా ఇంటికొచ్చింది. పండక్కి చేసిన ఖర్జూరం కూరిన బిస్కెట్లు. తిన్నాం. పళ్ళెం కడిగాను. కడిగాక నిలబడిపోయాను. ఖాళీగా ఎలా ఇస్తాం? మా అమ్మయితే చెయ్యి విరగ్గొట్టేది. పెట్టెలు విప్పి, బాణలి వెతికి, ఉల్లికాడలతో అట్లు పోసి పంపాను. మీ ఇంట్లో కూడా నువ్వు అలాగే నిలబడిపోయావని తర్వాత తెలిసింది. మర్నాడు నువ్వు లేత సొరకాయలాంటి కోసా కూర. నేను సేమ్యా. నువ్వు ద్రాక్షాకు చుట్టలు. నేను తీపి గుమ్మడికాయ జావ. ఎవరాపాలి? పద్నాలుగేళ్ళు ఎవరూ ఆపలేదు. ఆపడం ఎలాగో మనిద్దరికీ తెలీదు.

మా ఆయనకి డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, నీకు తీపి మానమన్నాడు. "ఆ పళ్ళెం వంటింట్లో కనిపిస్తే చాలు, నాకు బీపీ పెరుగుతుంది" అనేవాడాయన. అంటూనే మూత తీసి చూసేవాడు. కరోనా రోజుల్లో గుమ్మం దాటనివ్వకపోతే ఏం చేశాం? బాల్కనీలోంచి తాడు కట్టి బుట్టలో దింపాను. కింద పోలీసు కారు ఆగింది. మైకులో "అమ్మా, ఏం దింపుతున్నారు?" అన్నాడా పిల్లాడు. నువ్వు కిటికీలోంచి తలపెట్టి "నీకూ కావాలా నాయనా?" అన్నావు. తర్వాత బుట్ట వాడి దాకా కూడా దిగింది.

నా క్యాబేజీ ఊరగాయ, ఆ కిమ్చీ జాడీ బాల్కనీలో ఎండకి పొంగి పగిలిన రోజు? బిల్డింగంతా ముక్కులు మూసుకుని మెట్ల మీదకొచ్చింది. నేను తలుపు వెనక నక్కి నిలబడ్డా, ఇక ఇల్లు ఖాళీ చేయిస్తారనుకుంటూ. నువ్వు మధ్యలో నిలబడి అందరితో చెప్పావు, "మా తూము పొంగింది, ఏం, మీ ఇళ్ళలో తూములు పొంగవా?" అని. పరువు పోయింది నీది. నిలబెట్టింది నాది. మరుసటి ఏడు నుంచి శీతాకాలం ముందు నువ్వు నా క్యాబేజీల దగ్గర కూర్చున్నావు, నేను నీ చిన్న వంకాయల దగ్గర కూర్చుని అక్రోటు కూరి నూనెలో ఊరేశా. ఏడాదికి సరిపడా ఊరగాయలు పెట్టుకుంటూ ఏడాదికి సరిపడా అందరి మీదా చెప్పుకున్నాం. మా ఊళ్ళోనూ అచ్చం ఇలాగే కూర్చుంటారక్కా. అత్తల మీద కాస్త ఎక్కువ చెప్పుకుంటారు, అంతే తేడా.

ఇవన్నీ ఎందుకు తవ్వుతున్నానంటావా? పళ్ళెం ఖాళీగా పంపడం అంటే ఏంటో తెలీక పంపలేదని చెప్పడానికి. హైకేకి తెలీదు. నాకు తెలుసు. తెలిసే పంపాను.

ఆగు, ఆగు! ఆ కళ్ళజోడు తియ్యకు. నీ కళ్ళజోడు తీశావంటే కేకలు మొదలవుతాయి. కాస్త ఆగి పూర్తిగా విను, తర్వాత అరుచుకో.

ద్రాక్షాకు చుట్టల్లో ఉప్పెక్కువైందని అలిగాననుకున్నావట. డీమా చెప్పింది. డీమాని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగా. అవును, ఉప్పెక్కువే. పద్నాలుగేళ్ళుగా ఎక్కువే. దానికి ఇప్పుడలుగుతానా?

సోరాకి పెళ్ళెప్పుడని అందరి ముందూ అడిగావని కోపమనుకున్నావట. అక్కా, దానికి ఇరవైమూడు వచ్చాయి, మా వాళ్ళు ఫోన్లో రోజూ అడుగుతారు. నువ్వడక్కపోతే నాకు కోపమొచ్చేది, దాని మీద ప్రేమ తగ్గిందేమోనని.

మరి పైనుంచి దబదబ చప్పుళ్ళు, బల్లలు లాగుడు... నేను నీ నెత్తిన కోపంతో సామాన్లు విసిరేస్తున్నాననుకున్నావు కదూ? చెప్తా. అదే చెప్తా. ముందు ఇంకో సంగతి చెప్పనీ. ఎందుకో అది చెప్పందే ఇది నోట్లోంచి రావట్లేదు.

మీ అబ్బాయి రాకాన్ పెళ్ళి మాటలప్పుడు మా ఆయన్ని కూడా జాహాలో తీసుకెళ్ళారు కదా. గుంపు నిండుగా కనబడాలని, పైగా టైక్వాండో మాస్టరని గొప్ప. కొత్త సూటు కొన్నాడు. నేను గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పాను, "కాఫీ ముట్టుకోకండి, పెద్దాయన అడగడం అయ్యేదాకా ముట్టుకోకండి" అని. తలూపాడు. దారంతా నోట్లో అదే అనుకుంటూ వెళ్ళాడట.

తీరా వెళ్ళాక ఏమైంది? డీమా వాళ్ళ తాతగారు, ఆ తెల్లగడ్డం ఆయన, పరాయి దేశం మనిషి వచ్చాడన్న గౌరవంతో తనే లేచి, తన చేత్తో కప్పు అందించాడు. అయిపోయింది. ఎనభై ఏళ్ళ పెద్దాయన చేత్తో ఇచ్చాక మా వాళ్ళ బుర్ర పనిచెయ్యదక్కా. చిన్నప్పటినుంచీ ఒళ్ళే నేర్చుకుంటుంది. రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు తాగేటప్పుడు మొహం చూపించకూడదు కాబట్టి తల పక్కకి తిప్పాడు. గటగటా ఒక్క గుక్కలో తాగేశాడు.

ఇంకా ఎవరూ నోరు తెరిచి పిల్లనడగనే లేదు!

మీ ఆయన, అబూ రాకాన్ మొహం తెల్లకాగితమైందట. మా ఆయన ఖాళీ కప్పుతో అలాగే బిగుసుకుపోయాడు. చాలని కప్పు ఊపాలన్నది కూడా మర్చిపోయాడు. ఊపలేదు కాబట్టి కాఫీ పోసేవాడు మళ్ళీ పోశాడు. పోశాడు కాబట్టి మళ్ళీ తల తిప్పి తాగాడు. మూడుసార్లు! అప్పుడా తాతగారు గడ్డం నిమురుకుని ఏమన్నాడు? "అడక్కముందే తాగేశాడంటే, మీరు అడక్కముందే మేం ఇచ్చేశామన్నమాట. ఇక పిల్లని పంపక చస్తామా" అన్నాడు. అరవైమందీ ఒక్కసారి నవ్వారట.

అదిగో, ఇప్పుడు నవ్వావు! చూశా, చూశా. ముసుగు సర్దుకున్నట్టు నటించకు.

నీ కోడలు నీ ఇంటికొచ్చింది మా ఆయన గుటకతో, అది మర్చిపోకు. కానీ ఆయన ఆ తర్వాత వారం రోజులు మీ గుమ్మం ముందునుంచి నడవలేదు. సిగ్గుతో వెనక మెట్ల మీదనుంచి దొంగలా వెళ్ళేవాడు. అబూ రాకానే పైకొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, అలా పట్టుకునే బజారంతా తిప్పి, అందరికీ "మా కోడల్ని తెచ్చింది ఈయనే" అని చెప్పాడు. చేతులు పట్టుకుని నడుస్తున్న ఇద్దరు ముసలాళ్ళని చూసి నేను బాల్కనీలో ఏడ్చాను. అది నీకెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్తా.

ఆయన మోకాళ్ళు పోయాయి అక్కా. పిల్లలకి కాళ్ళెత్తడం నేర్పే మాస్టరు, తన కాలు స్టూలు మీద పెట్టాలంటే నన్ను పట్టుకోమంటున్నాడు. శనివారం పళ్ళెం తెచ్చి నీ గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి పారిపోదామనుకున్నాడు. మెట్టు మెట్టుకీ కూర్చుని పారిపోయాడు. నువ్వు తలుపు తీసేసరికి ఇంకా మూడో మెట్టు మీదే ఉన్నాట్ట, ఊపిరి బిగబట్టి.

స్కూలు తన శిష్యుడికి అప్పజెప్పేశాడు. సోరా ఉన్న ఊళ్ళో ఆపరేషను చేస్తారట. అక్కడే ఇల్లు చూసింది. ఆ చప్పుళ్ళు కోపం కాదు, పెట్టెలు కడుతున్నాం. కర్టెన్లు వేసుకుని కడుతున్నాం, నీకు కనబడకూడదని. గురువారం వెళ్ళిపోతున్నాం.

...

ఏదో ఒకటి అనక్కా. తిట్టనైనా తిట్టు.

ఎందుకు చెప్పలేదంటావా? ఎలా చెప్పాలో చెప్పు నువ్వే! చెప్తే నువ్వేం చేస్తావు? గొర్రెని కోయిస్తావు, బిల్డింగు మొత్తాన్ని పిలుస్తావు, నా పక్కన కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తావు, నీ చెల్లెలి మొగుడి తమ్ముడు ఎముకల డాక్టరని అర్ధరాత్రి లేపుతావు, మా ఆయన మోకాళ్ళు ఇక్కడే బాగు చేయిస్తానంటావు. నువ్వు మూడుసార్లు ఉండిపొమ్మంటే నేను మూడుసార్లూ వద్దనాలి. మూడోసారి అనగలనని నమ్మకం లేదు.

మనకి కాదనడం రాదక్కా. మీరు జరగనివాటికి, దేవుడు తలిస్తే అని "ఇన్‌షా అల్లా" అంటారు. ఈ ఇంటి ఓనరు లిఫ్టు పెట్టిస్తానని పద్నాలుగేళ్ళుగా ఇన్‌షా అల్లా అంటూనే ఉన్నాడు. మేం "ఒకసారి కలిసి భోంచేద్దాం" అంటాం. ఎప్పుడని అడిగితే మావాళ్ళు బిత్తరపోతారు. ఇక మీదట కలవంలే అని దానర్థం. నీ దగ్గరికొచ్చి ఆ మాట అననా? నువ్వు ఇన్‌షా అల్లా అనడం వినలేను. నేను భోంచేద్దాం అనలేను. మనిద్దరిలో ఎవరో ఒకరు జర్మన్ అయ్యుంటే ఇంత గొడవే ఉండేది కాదు. కార్డు మీద రాసిచ్చేసేవాళ్ళం.

శనివారం పొద్దున ఆ పళ్ళెం మూడుసార్లు నింపాను. నువ్వు నమ్మవు. సేమ్యా పెట్టా, తీసేశా. అట్లు పెట్టా, తీసేశా. నువ్వు మళ్ళీ నింపి పంపుతావు కదా. బుధవారానికి పైకొస్తుంది. అప్పటికి నా ఇంట్లో పొయ్యి ఉండదు, గిన్నె ఉండదు. నీ నిండు పళ్ళెం పట్టుకుని ఖాళీ ఇంట్లో నిలబడాలి. అలా నిలబడటం నావల్ల కాదనిపించింది. చివరికి మా ఆయన, "ఖాళీగా ఇచ్చెయ్, సరిపోతుంది. ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు" అన్నాడు. సరేనన్నా. ఆయనేమో మెట్ల మీద కూర్చుంటూ దిగుతున్నాడు, నేనేమో పైన నోట్లో ఆప్రాను కుక్కుకుని నిలబడ్డా.

బాకీ లేదన్న మాట విన్నప్పట్నుంచీ నాకు అన్నం దిగడంలేదక్కా.

అందుకే వచ్చా. ఇదే నేనడగొచ్చింది, విను. జాహాలో పెద్దమనిషి అడిగినట్టు పద్ధతిగా అడుగుతున్నా. ఆ పళ్ళెం నాకివ్వు. నింపి ఇవ్వు. బాకీతో పోనీ నన్ను. ఖాళీగా తిరిగివ్వలేను కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు నింపి పట్టుకొచ్చి నీ బెల్లు కొట్టక తప్పదు. ఆ ఒక్క వంక ఇవ్వు నాకు. అంతే. మరింకేమీ వద్దు.

ఎక్కడికి లేస్తున్నావు? అక్కా? అక్కా! బైటికి గెంటేస్తావా? గెంటెయ్, అదైనా సరే. కానీ కాఫీ మాత్రం...

డీమా, ఎక్కడికెళ్ళిందే ఆవిడ? వంటింట్లోకా? ఫ్రిజ్ తలుపు చప్పుడేనా అది?

...

ఇదేంటి? ఇది... నిండుగా ఉందే! ఇప్పటికిప్పుడు ఎలా చేశావు? ద్రాక్షాకు చుట్టలు ఇప్పటికిప్పుడు అవుతాయా?

ఏంటి డీమా? గట్టిగా చెప్పు, తలుపు చాటునుంచి గొణక్కు. శనివారమేనా? పళ్ళెం ఖాళీగా ఉంటే చూడలేక ఆ సాయంత్రమే నింపేసిందా? నన్ను తిడుతూనే నింపిందా? మరి పాడవ్వవూ? ఏంటీ, రోజూ పొద్దునే పాతవి తీసి కొత్తవి పెడుతోందా? అయ్యో దేవుడా! ఆ పాతవి ఎవరు తింటున్నారే? అబూ రాకానా? మూడు పూటలా ఇవేనా? పాపం ఆ ముసలాయన నాకేం అపకారం చేశాడక్కా!

కోపంగా ఉన్నావు. మాట్లాడవు. మీటరు వైపు తిరుగుతావు. రోజూ నాకోసం వంద ఆకులు చుడతావు. నీలాంటి మనిషిని మా ఊళ్ళో తప్ప ఎక్కడా చూడలేదు నేను.

ఒకటి నోట్లో వేసుకుంటా. ఆగు.

...

ఉప్పు సరిపోయింది.

లేదు, నిజంగా సరిపోయింది. అలా చూడకు. ఒట్టు. ఈసారి సరిగ్గా సరిపోయింది.

అయితే ఒప్పుకున్నట్టేనా? నోటితో అను. కనీసం తలైనా ఊపు. ఊపావా? ఇన్‌షా అల్లా మాత్రం అనకు, నీకు దణ్ణం పెడతా. నేనూ భోంచేద్దాం అనను. పళ్ళెం తెస్తా అంటున్నా. తెస్తా అంటే తెస్తా.

డీమా, వేడిది కాచుకురానక్కర్లేదు. ఇదే తాగుతా. చల్లారినా ఇదే. మీ అత్తగారి ఇంటి కాఫీ, అడిగింది ఇచ్చాక తాగే కాఫీ.

ఇలా ఇయ్యక్కా, నీ చేత్తో ఇవ్వు. రెండు చేతులతో పట్టుకుంటా.

అటు తిరిగి తాగుతున్నానని ఏమీ అనుకోకు. నువ్వు నాకంటే నాలుగు నెలలు పెద్దదానివి కదా, అందుకే మొహం తిప్పుకున్నా. మర్యాద. అంతే, ఇంకేం లేదు.